మిరుగు దాటాక పెట్టిన పత్తి

మా ఊరి స్వర్ణలత శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగం వస్తే వద్దనుకుంది. వాతావరణం ఎలా మారుతోందో ఊరూరా తిరిగి రైతులకు చెప్పే ఓ చిన్న సంస్థలో చేరింది. ఏసీలో కూర్చోక ఎండలో స్కూటీ మీద ఈ తిరుగుడేమిటని అందరం ముక్కున వేలేసుకున్నాం. మా వాళ్లు ఆమెకు 'వానల టీచర్' అని పేరు కూడా పెట్టేశారు.

ఆమె చెప్పేది ఒకటే. జూన్‌లో మిరుగు, అదే మృగశిర కార్తె, రాగానే, నేల పైపైన తడవగానే పత్తి గింజ పెట్టకండి. వానలు మునుపటిలా లేవు. నేల లోపలిదాకా నానాకే పెట్టండి. మాట మంచిదే. కానీ మిరుగు నాడు ఇంగువ, బెల్లం నోట్లో వేసుకుని గింజ పెట్టకపోతే మా వాళ్లకు నిద్ర పట్టదు.

"వానలు నిన్ను అడిగి పడ్తయా ఏంది?" అని నిరుడు మీటింగ్‌లో మా ఊరి రైతు చెన్నయ్య ఆటపట్టించాడు. రైతు వేదికలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నవ్వనిది ఆమె మేనత్త లింగమ్మ ఒక్కతే. "మా లత చదువుకున్నది. అది ఆగమంటే నేను ఆగుత," అంది. ఆగింది.

నిరుడు మిరుగు వాన మోసం చేయలేదు. తొందరపడ్డవాళ్ల చేలన్నీ మొలిచాయి. లింగమ్మ ఇంకో మంచి వాన కోసం చూసి చూసి గింజ పెడితే, వెంటనే ముసురు పట్టింది. చేను మడుగైంది, గింజంతా మురిగిపోయింది. మళ్లీ పెట్టడానికి అదను లేదు.

అంతకుముందు ఏడు ఆమె మాట విననందుకే మొలకలు ఎండిపోయి సగం ఊరు రెండోసారి గింజ పెట్టుకుంది. అది మాత్రం ఎవరికీ గుర్తులేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. లింగమ్మ ఒక్క మాటా అనకుండా సిటీకి, అత్తాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి పోసాగింది. తిట్టినా బాగుండేదని స్వర్ణలత నా ముందు ఏడ్చింది.

ఈ ఏడు మళ్లీ మీటింగ్ పెట్టారు. చెన్నయ్య వాళ్లు తలుపు దగ్గరే నిలబడ్డారు. లింగమ్మ ముందు వరుసలో కూర్చుంది. స్వర్ణలత ఎండల గురించి, చెరువుల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పింది గానీ, గింజ ఊసెత్తలేదు. చివరికి లింగమ్మే అడిగింది.

"ఈసారి ఎప్పుడు పెడదాం బిడ్డా?"

పైనుంచి పోతున్న విమానం మోతలో వినబడేలా స్వర్ణలత ఆమె దగ్గరికొచ్చింది.

"నాకు తెల్వదత్తమ్మా. ఇగ ఎవ్వరికీ గట్టిగ తెల్వది."

లింగమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"గా మాట నిరుడు చెప్పకపోతివి బిడ్డా. సగం చేనన్న మిరుగుకే పెట్టుకుందును."