నిప్పుకు పోయిన పిల్ల

ఒక పుస్తకం ఎంత బరువుంటది? నలభై పేజీలు, ముందటి అట్ట లేదు. పాత కాగితాలు కొనే పస్తీవాలా తక్కెట్ల ఏస్తే ముల్లు కూడా కదలదు. దాన్ని నేను ఇరవై ఐదేండ్ల సంది మోస్తున్న. మా ఆయనకు తెల్వది. నా పిల్లలకు తెల్వది. నువ్వెవరో నాకు ఎరుక లేదు, నేనెవరో నీకు ఎరుక లేదు, గందుకే నీకు చెప్తున్న. మంచిదాన్ని అనిపించుకుందామని కాదు. ఆ ఆశ ఎప్పుడో పోయింది.

అది మా అత్త పుస్తకం. అంటే, చిన్నప్పుడు ఆమె విన్న పుస్తకం. ఆమెకు చదువు రాదు. ఊర్ల వాళ్ల నాయిన, మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంట కూసున్న పిల్లలకు చదివి వినిపించేటోడట. పేరు యాదికి లేదు. అట్ట పచ్చగుంటుండె అని ఒకరోజు, కాదు ఎర్రగ అని ఇంకోరోజు. కథ మాత్రం సగం యాదికుండె. ఒక ఇంట్ల పొయ్యిల నిప్పు ఆరిపోతది. తల్లి పిల్లను పక్కూరికి నిప్పు తెమ్మని పంపుతది. పిల్ల పెంకుల నిప్పుకణికెలు పెట్టుకొని తిరిగొస్తుంటే అడవిల తొవ్వ తప్పుతది. ఒక ముసలామె గుడిసెలకు పిలిచి, గీ వడ్లన్నీ దంచు, గప్పుడు తొవ్వ చూపిస్త అంటది. గంతవరకే. ఆ యేడే వాళ్ల నాయిన పోయిండు, పుస్తకం ఎవరో పట్టుకపోయిండ్రు. ఆ పిల్ల ఏమైందో మా అత్తకు తెల్వకుంటనే ఉండిపోయింది.

యాభై దాటిన మనిషికి పిల్లల కథ మీద గంత ఆరాటం ఎందుకు? పద్మ కోసం.

పద్మ నా ఆడబిడ్డ. నేను ఎన్నడూ చూడలే. మా అత్తోళ్లు బతుకుదెరువుకు సూరత్ వచ్చి ఉంటుండ్రి. ప్లేగు వచ్చిన యేడు సూరత్ సూరతే ఖాళీ అయినట్టయింది. మా వాళ్లు కూడా మూటలు పట్టుకొని స్టేషన్‌కు ఉరికిండ్రు. మూట రైలు డబ్బాలకు ఎక్కించేతందుకు మా అత్త పద్మ చెయ్యి ఇడిసింది. గంతే. జనం నెట్టుకున్నరు, బండి కదిలింది, పదకొండేండ్ల పిల్ల ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోయింది. తర్వాతి స్టేషన్ల దిగి ఎనకకు వచ్చేసరికి జనం ఉన్నరు గాని పిల్ల లేదు. ఠాణాల చెప్పిండ్రు, ఫోటో ఇచ్చిండ్రు, తిరగని జాగ లేదు. దొరకలే.

అప్పటి సంది మా అత్త, సూరత్ పక్క భేస్తాన్‌ల తాముండే ఆ ఒక్క రూము ఇడువలే. "పిల్లకు గీ ఇల్లొక్కటే ఎరుక. గీడికెల్లి కదిలితే ఎట్ల దొరుకుతం?" అనేది. పొద్దందాక గడప మీద కూసోని, మార్కెట్‌కెల్లి వచ్చిన చీరెలకు వేలాడే దారాలు కత్తిరించేది. కన్ను చీరె మీద, చెవి గల్లీ మీద. ఆమె మనసుల ఒకటి అనుకున్నది, దాచుకోకుంట అందరికీ చెప్పేది. ఆ కథల పిల్ల ఇల్లు చేరితే నా పద్మ కూడా చేరుతది అని.

నేను ఆ ఇంటికి కోడలిగ పోయింది ప్లేగు తర్వాతి యేడు. సూరత్‌లనే తెలుగు బడిల చదివిన. పదో తరగతి పరీక్ష ముందట ఉండె. రాయనిస్తమని పెండ్లిల మాట ఇచ్చిండ్రు. ఒకరోజు తల్లిగారింటికి పోయి వచ్చేసరికి నా పుస్తకాలు లేవు, మూలకు ఒక కొత్త ప్లాస్టిక్ టబ్బు ఉంది. పస్తీవాలాకు ఏసి టబ్బు తెచ్చింది మా అత్త. కాపురం చేసేదానికి పుస్తకాలేంది అన్నది. ఏడ్సిన, మొత్తుకున్న. మా ఆయన నోట్లె నాలిక లేనోడు, టబ్బును బిందెల పక్కకు జరిపిండు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊకెనే అనలే పెద్దలు.

మల్ల అదే అత్త నెల తిరగకముందే, నువ్వు చదువుకున్నదానివి, ఆ పుస్తకం జర దేవులాడు బిడ్డా అని నన్నే అడిగింది. నవ్వాల్నా ఏడ్వాల్నా? ఊరికి పోయేటోళ్లకు చెప్పిన. మా పాత సారును అడిగిన. నిజం చెప్పాల్నంటే నేను దేవులాడింది ఆమె పుస్తకం కాదు. పస్తీ దుకాణం ముందటికెల్లి పోయినప్పుడల్లా నా సాంఘికశాస్త్రం కనవడుతదేమోనని కుప్పలు కెలికేదాన్ని. ఒకరోజు గుజరాతీ కాగితాల నడుమ తెలుగు అక్షరాలు కనవడ్డయి. లాగి చూస్తే నాది కాదు. పెంకుల నిప్పు పట్టుకున్న పిల్ల బొమ్మ.

ఆడనే నిలవడి మొత్తం చదివిన. పిల్ల ఇల్లు చేరుతది. వడ్లన్నీ దంచి, బూడిద కింద నిప్పును ఆరనియ్యకుంట కాపాడుకొని, ఎన్నో దినాలకు చేరుతది. చేరేసరికి తల్లి గడప మీదనే ఉంటది. పక్కూరోళ్లు వచ్చి మా నిప్పు తీసుకో అన్నా తీసుకోకుంట, పొయ్యి ముట్టించకుంట. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా అడుగున పెట్టిన.

ఎందుకు దాచిన? నా పుస్తకాలకు బదులు అనుకున్న. ఆమె కూసునే జాగకూ ఆ డబ్బాకూ నాలుగడుగులు లేవు. ఆమె రోజూ ఆ సగం కథ చెప్తుంటే, మిగిలిన సగం నా తాన ఉన్నదని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. చీ, ఏం బతుకు! అయినా దాచుడొక్కటే అయితే ఇయ్యాల గిట్ల రాయకపోదును.

రెండేండ్లు గిట్లనే గడిచినయి. నేను కడుపుతోటి ఉన్న, ఏడో నెల. మా రూముకు నల్లా లేదు, గల్లీ చివరికెల్లి బిందెలు మోయాలె. మా ఆయనకు సూరత్‌లనే ఇంకో దిక్కు, పర్వత్ పాటియాల, కరెంటు మగ్గం సాంచెల మీద పని దొరికింది. ఆడ ఒక రూము కూడా చూసిండు, లోపలనే నల్లా. అందరం బతిమిలాడినా మా అత్త కదల్నంటె కదల్నన్నది. ఒక పొద్దుగాల నేను నీళ్ల కాడ జారి పడ్డ. కడుపులున్న పిల్లకేమైతదోనని పానం పోయినంత పనైంది. తడిసిన చీరెతోటి ఇంటికి వస్తే ఆమె గడప మీద ఉంది, ఒడిల చీరె, చేతిల చిన్న కత్తెర. నన్ను కిందికెల్లి మీదికి చూసింది. చూసి, ఏమైందే అనలే.

"ఆ పుస్తకం ఏమన్న దొరికిందానె?" అన్నది.

"దొరికింది."

కత్తెర ఆగింది. "చదివినవా? పిల్ల ఇల్లు చేరిందా?"

"చేరలే. అడవిలనే సచ్చిపోయింది. నిప్పు ఆరిపోయింది."

"పుస్తకమేది?"

"పస్తీ దుకాణంల నిలవడి చదివిన అత్తమ్మా. వాడు చింపి పొట్లాలకు వాడుతుండు. పుస్తకాలు ఆడికే పోతయి గద?"

ఆమె కత్తెర మల్ల ఆడించింది. దారమనుకొని చీరె కోసింది. అంతవరకు ఒక్క చీరె ఖరాబు చేసిన మనిషి కాదు. నేను చూసిన. అప్పుడన్న చెప్పొచ్చు, కోపంల అన్న అత్తమ్మా, అబద్ధం అని. నోరు రాలే. రాలేదా, నేనే తెరవలేదా? తెరవలే.

వారం తిరగకముందే అత్తనే, పోదాం తీయుండ్రి అన్నది. టెంపో ఎక్కేటప్పుడు ఎనకకు తిరిగి చూడలే. కొత్త రూముల నల్లా తిప్పుతే నీళ్లు ధారగ పడ్డయి. నాకు సంబురమైంది. గిది కూడా రాయాలె, మస్తు సంబురమైంది. ఇన్నేండ్లు నన్ను నేను నమ్మించుకున్న, నా చదువు మీద పగ తీర్చుకున్ననని. పగ పేరు పెట్టుకుంటే జర గౌరవంగుంటది గద. కాదు. నల్లా కోసం చేసిన.

ఇంకో రెండేండ్లకు బిడ్డను సంకనేసుకొని భేస్తాన్‌కు పోయిన. పాత పక్కింటి లక్ష్మక్క బిడ్డ పెండ్లి. మా కొత్త ఇల్లు ఆ గల్లీల ఎరుకున్నది ఆమెకొక్కదానికే. ఆమె నన్ను పక్కకు పిలిచి చెప్పింది. తను ఊరికి పోయిన నెలల మా పాత రూముకు ఒక పిల్ల వచ్చిందట. పదిహేను పదహారేండ్లుంటయట. హిందీల మాట్లాడింది, నడుమ నడుమ తెలుగు ముక్కలు. ఈడ మా అమ్మ ఉంటుండె అన్నదట. కొత్తగ దిగినోళ్లు, వాళ్లు లేరు, ఊరికి పోయిండ్రేమో అన్నరు. పిల్ల జరసేపు గడప మీద కూసున్నది. నీళ్లడిగి తాగింది. పోయింది.

పద్మనేనా? ఏమో. సూరత్‌ల తప్పిపోయిన పిల్ల పద్మ ఒక్కతేనా? గీ మాట రోజుకోసారి అనుకుంట. మరి వేరే పిల్ల అయితే ఆ తలుపే ఎందుకు కొడ్తది?

లక్ష్మక్క చేతులు పట్టుకొని, మా అత్తకు చెప్పకక్కా, ముసలి పానం తట్టుకోదు అన్న. ఎంత మంచి కోడలివే అన్నది. మా ఆయనకు కూడా చెప్పలే. చెప్తే ఆయన దేవులాడేటోడు. పద్మ దొరుకుతుండెనేమో. గాని అత్త అడిగేది, మరి కథల పిల్ల సచ్చిపోయింది అంటివి గదనే అని. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డ. నా మొఖం కాపాడుకునేతందుకు ఒక ఆడపిల్లను ఊరి మీద ఇడిసిపెట్టిన.

మా అత్త ఆ మరుసటేడు పోయింది. ఆఖరి దినాల పద్మ పేరు తీయలే, పుస్తకం మాట ఎత్తలే. నా చెయ్యి పట్టుకొని, మంచిగ చూసుకున్నవ్ బిడ్డా అన్నది. దానికంటె చెంప మీద కొట్టినా బాగుండు.

పుస్తకం ఇంకా ఉంది. పొయ్యిల వెయ్యబోయిన రెండుసార్లు, చెయ్యి రాలే. నా పిల్లలకు ఎన్నో కథలు చెప్పిన, గదొక్కటి చెప్పలే. మాఫీ అడగను. అడగాల్సినోళ్లు ఇద్దరు, ఒకామె మన్నులకు పోయింది, ఇంకొకామె ఏడుందో, ఉందో లేదో. రాసినంక ఊపిరి జర తిరిగినట్టుంది, అంతకు మించి ఏం లేదు. ఆనాడు గడప కాడ చెప్పాల్సిన మాట ఒక్కటి మిగిలింది, అది చెప్పి ఊకుంట.

అత్తమ్మా, నేను అబద్ధం చెప్పిన. ఆ పిల్ల ఇల్లు చేరింది. ఆఖరి పేజీల ఉంది.