కదులు అన్నా, అయిపోయింది

కదలని వస్తువు ఒకటి ఎంచుకోండని మా డ్రాయింగ్ సార్ చెప్పిండు. నేను మా అన్నను ఎంచుకున్న.

అప్పుడు నేను టెన్త్. అమీర్‌పేటల మా ఇంటెనక ఒక ప్రైవేట్ హైస్కూల్‌ల చదువుతుంటి. డ్రాయింగ్ పీరియడంటే మాకు సగం నిద్ర, సగం లొల్లి. ఎవరిని ఏం గీయమన్నా అదే సీనరీ: రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఒక గుడిసె, పక్కకు కొబ్బరిచెట్టు. మా గల్లీల కొండ లేదు, కొబ్బరిచెట్టు లేదు, సూర్యుడు సుత హాస్టల్ బిల్డింగుల చాటునే వచ్చి చాటునే పోతడు. ఆ ఏడు కొత్తగొచ్చిన సార్ కోస్తా దిక్కాయన. మా సీనరీలన్నీ తిరగేసి, "ఏంటమ్మా ఇవి? మీలో ఒక్కరైనా ఈ ఊరు చూశారా?" అని అడిగిండు. చూడలే సార్ అన్నం. అయితే చూసిందే గీయండన్నడు. ఇంట్ల కదలకుండ ఉండే వస్తువు ఒక్కటి, రోజూ అదే, రోజుకొక పేజీ. డైరీ రాసినట్టు గీయాలె. రబ్బరు వాడొద్దు, పేజీ చింపొద్దు.

ఒకామె గ్యాస్ సిలిండరన్నది. ఒకడు కూలరన్నడు. ఇంకొకడు వాళ్ల తాత చెప్పులన్నడు. నా వంతొచ్చినప్పుడు "మా అన్న సార్" అన్న. క్లాసంత పక్కున నవ్విండ్రు.

"కదలడా?" అన్నడు సార్.

"కదలడు సార్."

"అయితే ఎర్రగడ్డకే!" అని వెనక బెంచీలకెళ్లి ఎవడో అరిచిండు. ఇంకా నవ్విండ్రు. నేను సుత నవ్విన. ఎర్రగడ్డల పిచ్చోళ్ల దవాఖాన ఉంటదని ఈ ఊర్ల పుట్టినోళ్లకు ఎవ్వలూ చెప్పే పని లేదు. లెక్క తప్పు చేస్తే ఎర్రగడ్డ, ఒక్కడే నవ్వుకుంటే ఎర్రగడ్డ. మేం అది తిట్టనుకోకపోతుంటిమి, నోటికొచ్చిన మాట, అంతే.

మా అన్న ముందునుంచి అట్ల ఉన్నోడు కాదు. బీటెక్ అయినంక అమీర్‌పేటల ఒక కంప్యూటర్ కోర్సు చేసిండు, తర్వాత ఇంకోటి, దాని మీద ఇంకోటి. రోజూ ఇస్త్రీ చేసిన అంగీ, చేతిల ఫైలు. పొద్దుమీకి ఇంటికొస్తుంటే మిర్చి బజ్జీలు కట్టించుకొస్తుండె, "పోరీ, నీకొకటి తక్కువనే" అని ఆటపట్టిస్తుండె. ఇంటర్వ్యూలకు పోయిండు, వచ్చిండు, పోయిండు, వచ్చిండు. ఒకరోజు పోలే. తెల్లారి సుత పోలే. ఇగ ఎన్నడూ పోలే. కిటికీ పక్కకు మంచం మీద కూసున్నడు. రెస్ట్ తీసుకుంటుండని మమ్మీ అంటుండె. మార్కెట్ డల్‌గుందని డాడీ అంటుండె. వాళ్లిద్దరూ ఆయన ముంగటనే ఆయన గురించి అట్ల మాట్లాడుతుంటే నాకు మండిపోతుండె.

డాడీ మెట్రో స్టేషన్ కింద ఒక జిరాక్స్ షాపుల పని చేస్తుండె. కోర్సుల మెటీరియల్ ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేసుడు ఆయన పని. స్కెచ్‌బుక్ కావాలంటే తప్పుగొచ్చిన కాయితాలన్నీ జమచేసి నాకొకటి బైండ్ చేసి తెచ్చిండు. ఒక దిక్కు మా అన్న చదివిన కోర్సులు, ఇంకో దిక్కు తెల్లగ. నాకు సిగ్గయింది. సార్ మాత్రం, "ఇదే నయం, పాడైపోతుందనే భయం ఉండదు" అన్నడు.

రోజూ బడికెళ్లి రాంగనే చాయ్ తాగి అన్న ఎదురుంగ కింద కూసునేదాన్ని. మొదటి బొమ్మ చూస్తే గడ్డమున్న బియ్యం బస్తా లెక్క ఉంటది. రెండోది ఇంకా ఘోరం. ఆయన మొఖం, గదువ కిటికీ దిక్కు, ఎడమ చెయ్యి మోకాలు మీద. చూసేదేమున్నదని, ఎదురు హాస్టల్ పిల్లగాళ్ల తువ్వాలలు, చెడ్డీలు తప్ప? చెయ్యి గీసుడు నా పాణం మీదికొచ్చింది. వేళ్లన్నీ బెండకాయలే. "నీ వేళ్లకో దండం అన్నా, మనిషివేనా నువ్వు?" అని తిడుతుంటి. ఉలుకు లేదు, పలుకు లేదు.

ఒకరోజు చెయ్యి సగం గీసి ఆపిన. తెల్లారి కూసుంటే ఆయన చెయ్యి మోకాలు మీద లేదు, దుప్పట్లుంది. "అరె, నిన్నటి చెయ్యి ఏడబోయిందిరా దేవుడా" అని గొణుక్కుంట పెన్సిల్ చెక్కుకుంటున్న. తలెత్తి చూస్తే, దుప్పట్లకెళ్లి ఆ చెయ్యి మెల్లగ బయటికొస్తుంది. వచ్చి మోకాలు మీద కూసున్నది. వేళ్లు ఒక్కొక్కటి నిన్న ఉన్న తీరుగనే సర్దుకున్నయి, చిటికెనవేలు జర మడిచి. నా దిక్కు మాత్రం చూడలే. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. ముక్కు ఎగబీల్చుకుంట ఆ చెయ్యి గీసిన. గీసి, "కదులు అన్నా, అయిపోయింది" అన్న. కదిలిండు. పక్కకున్న చాయ్ గ్లాసు తీసుకోని తాగిండు. మమ్మీ వంటింటి తలుపుల గంటె పట్టుకోని అట్లనే నిలబడ్డది.

అప్పట్నుంచి అది ఇంట్ల ఒక పద్ధతైంది. ఎవ్వలు బతిమాలినా ముట్టని అన్నం, నేను బొమ్మ గీసి కదులు అన్నా అంటే తింటుండె. మమ్మీ పళ్లెం పట్టుకోని నా నెత్తి మీద నిలబడుతుండె. "అయిందా? కాకున్నా అయిందనే బిడ్డా, అన్నం సల్లారుతుంది." సార్‌కు తెలిస్తే ఏమంటడో అనుకుంటనే సగం బొమ్మలకు సుత అయిపోయిందంటుంటి. ఒకరోజు అన్న లేస్తూ లేస్తూ నా పుస్తకంలకు వంగి చూసి, "ముక్కు గంత లేదు" అన్నడు. అగో! నేను చెప్పుల్లేకుండ జిరాక్స్ షాపుకు ఉరికిన. డాడీకి చెప్తే, మెషిన్ ఆపుడు మర్చిపోయిండు, కాయితాలు కిందికి జారిపడుతనే ఉన్నయి. "ముక్కు గంత లేదన్నడా?" అని మళ్లమళ్ల అడిగిండు.

క్రిస్మస్ అయినంక టెన్తోళ్లకు స్పెషల్ క్లాసులు పెట్టిండ్రు. బడి విడిచినంక సుత రాత్రి అన్నం యాళ్లదాక అక్కడనే. డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేసిండ్రు. సార్‌ను ఆరో క్లాసుకు లెక్కలు చెప్పుమన్నరంట, ఆయన నెల తిరగకముందే మానేసిండు. నేను ఇంచార్జి మేడం దగ్గరికి పోయి, సాయంత్రం జరసేపు ఇంటికి పోయొస్త మేడం అన్న. ఎందుకన్నది. ఏమని చెప్పాలె? మా అన్న బొమ్మ గీయాలె మేడం, గీస్తేనే తింటడు అన్న. స్టాఫ్ రూమంత ఇటు తిరిగింది.

"ఎంతున్నడు మీ అన్న?"

"బీటెక్ అయిపోయింది మేడం."

"బీటెక్ అయినోనికి నువ్వు తినిపిస్తవా? బ్యాగు తియ్యి."

స్కెచ్‌బుక్ గుంజుకోని అల్మారల పెట్టి తాళమేసింది. పరీక్షలైనంక తీసుకపో అన్నది. ఇప్పటికి సుత ఆమె మా గల్లీల ఎదురొస్తే నేను పక్క గల్లీల నుంచి పోత. భయమై కాదు, నోరు జారుతదని.

రోజూ రాత్రి ఇంటికి పోయేసరికి అన్న కిటికీ దిక్కు గదువ, మోకాలు మీద చెయ్యి, చిటికెనవేలు మడిచి కూసోని ఉంటుండె. మునుపు నేను బడి విడిచి వచ్చే యాళ్లకే అట్ల కూసుంటున్నడని మమ్మీ చెప్పింది. పక్కన అన్నం మీద మూత. మమ్మీ నా లెక్కనే "కదులు అన్నా, అయిపోయింది" అని సుత అని చూసిందంట. కన్నతల్లి కొడుకును అన్నా అని పిలిచింది! ఆయన కదలలే. నేనొచ్చి, పుస్తకం లేకున్నా, అదే మాట అంటే కొన్ని రోజులు కదిలిండు. మెల్లగ, కీళ్లు పట్టుకపోయినోని లెక్క. తర్వాత రెండుసార్లు అనాల్సొచ్చింది. తర్వాత బతిమాలాల్సొచ్చింది. ఒకరోజు ఎంత మొత్తుకున్నా కదలలే. చెయ్యి పట్టుకోని లేపిన. విడిచిపెడితే ఆ చెయ్యి కిందికి రాలే, లేపిన కాడనే గాలిల ఆగిపోయింది. నేను కెవ్వుమన్న.

మమ్మీ ఉరికొచ్చి చూసి, నన్ను పట్టుకోని ఊపింది. "నీ బొమ్మలు పాడుగాను! కూసో, కదలకు, కూసో, కదలకు అని వానికి నువ్వే నేర్పినవు!" అన్నది. తర్వాత నన్ను పట్టుకోనే ఏడ్చింది. కానీ ఆ మాట అన్నది.

యూసుఫ్‌గూడల మాకు తెలిసినోళ్లింట్ల ఉపవాస ప్రార్థనకు అన్నను తీసుకపోయినం. మా చర్చి అయ్యగారు ఆయన నెత్తిన నూనె రాసి ప్రార్థన చేసిండు. అందరూ అటు ఇటు మెసులుతుంటే మా అన్న ఒక్కడే కదలకుండ కూసున్నడు. "ఎంత నిమ్మళంగ వాక్యం వింటుండో చూడు" అని ఒక ఆంటీ మెచ్చుకున్నది. మమ్మీ ఆమె ముంగట నవ్వింది, ఆ నవ్వు నేను చూడలేకపోయిన. తర్వాత పంజాగుట్టల ఒక నరాల డాక్టర్. ఆయన చెయ్యి లేపి చూసి, ఇది నా దగ్గర అయ్యేది కాదు, ఎర్రగడ్డకు తీసుకపోండ్రి అన్నడు. బయటికొచ్చి డాడీ ఫుట్‌పాత్ మీద కూలబడ్డడు. బస్సులు పొగ కొట్టుకుంట పోతున్నయి. "ఆ పేరొద్దు. ఒక్కసారి ఆ పేరు పడ్డదంటే వానికి జన్మల ఉద్యోగం రాదు" అన్నడు. ఉద్యోగమంట! మనిషి నీళ్లు మింగుతలేడు, ఈయనకు ఉద్యోగం ఫికర్. అరవాలనిపించింది. అరవలే. ఆ పేరు పెట్టి క్లాసుల నేను ఎంత నవ్విననో నాకు యాదికున్నది.

ఇంకిన్ని రోజులు ఆపిండ్రు. ఆఖరికి అన్న పెదవులు ఎండి పగిలినంక ఆటో మాట్లాడిండ్రు. ఆటో డ్రైవర్ యాడికి అంటే డాడీ "ఎర్రగడ్డ రైతు బజార్" అన్నడు. మమ్మీ చేతిల కూరగాయల సంచి. గల్లీల ఎవరన్న చూస్తే కూరగాయలకనుకోవాలెనంట, కొడుకును ఇద్దరు పట్టుకోని ఎక్కిచ్చుకుంట! "టమాట అగ్గువుందమ్మా ఇయ్యాల" అన్నడు ఆటో డ్రైవర్. "అవునా" అన్నది మమ్మీ. రైతు బజార్ కాడ దిగి, టమాటల గంపల నడుమకెళ్లి అన్నను అడుగడుగు నడిపిచ్చుకుంట దవాఖాన గేటుదాక పోయినం. ఖాళీ సంచి మమ్మీ చేతిలనే ఉండె.

డాక్టరమ్మ మంచామె. ఇది జబ్బు, మందులకు లొంగుతది, జర ముందే తేవాల్సుండె అన్నది. మమ్మీ నా బొమ్మల సంగతి చెప్తే, బొమ్మలకు దీనికి ఏం సంబంధం లేదమ్మా అన్నది. మమ్మీ నా దిక్కు చూసింది, ఏమనలే. ఈ రోజుకు సుత ఏమనలే. నేను సుత అడగలే.

అన్న అక్కడ చాన రోజులున్నడు. నేను పరీక్షలు రాసిన, పాసైన. పుస్తకం టీసీతోపాటు ఇచ్చిండ్రు. ఆఖరు పేజీల చెయ్యి సగమే ఉన్నది, మూడు వేళ్లు, మణికట్టు లేదు. మళ్ల నేను ఎన్నడూ ఏ బొమ్మా గీయలే.

ఇప్పుడు నేను పంజాగుట్టల ఒక ఆఫీసుల బిల్లులు కొట్టే పని చేస్తున్న. అన్న గోలీలేసుకుంటడు, డాడీతోని షాపుకు పోయి కాయితాలకు పిన్నులు కొడ్తడు. కదుల్తడు, తింటడు, అడిగిందానికి జవాబు చెప్తడు. బజ్జీలు తెచ్చిన అన్న మాత్రం మళ్ల రాలే. రాడని నాకు తెలిసిపోయింది.

మొన్న ఆదివారం చర్చికెళ్లి వచ్చి నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న. అన్న మంచం మీద, అదే కిటికీ కాడ.

"పోరీ" అన్నడు.

చేతిల కాయ కిందపడ్డది. ఎన్నేండ్లయిందో ఆ పిలుపు వినక.

"గప్పుడు సాయంత్రాలు నువ్వు ఎందుకు రాకపోతుంటివే?"

"స్పెషల్ క్లాసులుండె అన్నా."

తలూపిండు. ఎదురు హాస్టల్ తువ్వాలల దిక్కు తిరిగిండు. "నాకెవ్వలు చెప్పలే. నువ్వొస్తవని చెయ్యి అట్లనే పెట్టుకోని కూసున్న. మస్తు నొస్తుండె. కదిలితే నీ బొమ్మ ఖరాబైతదని కదల్లే."

నేను కిందపడ్డ కాయ తీసి గిన్నెల వేసిన.

"అయిందా మరి గా బొమ్మ?"

"అయింది అన్నా" అన్న.

"మంచిగొచ్చిందా?"

"మస్తుగొచ్చింది."

"మరి నాకు చెప్పకపోతివి" అన్నడు.