సబ్బు పెట్టిన ఎలుకలు

మొన్న గజపతినగరంలో రైసుమిల్లు లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. ఊక వాసన ముఖానికి కొట్టింది. అందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. శ్రీకాకుళం పక్కన ఒక ఫార్మసీ కాలేజీలో, ఎలుకల పెట్టెల అడుగున రోజూ నేను పరిచిన ఊక అది. ఆ వాసన తగిలితే నాకు అక్కడ పరిశోధన చేసిన సుభాషిణి మేడమ్ కళ్ళముందు నిలుస్తారు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడాది ఆ పనిలో చేరాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో బైబిలు ముందు పెట్టి చదువు చెప్పారు. మేడమ్ నా చదువు సంగతి అడగలేదు. ఒక తెల్ల ఎలుకను నా అరచేతిలో పెట్టి, "భయమేస్తోందా?" అన్నారు. "దానికే భయమేస్తున్నట్టుందండి" అన్నాను. "అయితే నువ్వు పనికొస్తావు" అన్నారు.

ఆవిడ పరిశోధన చర్మం మీద. ఎలుక వీపున బొచ్చు తీసి, టేపు అతికించి లాగుతూ పై పొరను పలచన చేసేవారు. లోపలి తడి ఎంత ఆవిరైపోతోందో చిన్న యంత్రంతో కొలిచేవారు. పోల్చి చూడటానికి కొన్నింటికి బొచ్చు మాత్రమే తీసి వదిలేసేవారు. ఇదంతా ఎందుకని అడిగాను. "ఎగ్జిమా ఉన్న చాలామందికి ఈ పొర గట్టిగా ఉండదు విమలా. లోపలి తడి బయటికి పోతాది, బయటి దుమ్ము లోపలికి వస్తాది. ముందు దురదా, ముందు పొర పాడవడమా? అదే సూస్తన్నాను."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా పాప కీర్తనకు అప్పుడు ఆరేళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం పగిలి రసి కారేది. సండే స్కూల్లో పిల్లలు దాని పక్కన కూర్చోవడం మానేశారు. శనివారం సాయంత్రం మా అత్తగారు సబ్బూ సున్నిపిండీ పెట్టి దాన్ని రుద్దేవారు. "మురికి దిగితేగాని దురద పోదే" అనేవారు. పిల్ల ఏడుస్తుంటే ఆవిడా ఏడ్చేవారు, చెయ్యి మాత్రం ఆపేవారు కాదు.

ఒక సోమవారం కాలేజీకి తనిఖీవాళ్ళు వస్తారన్నారు. ఆ వేకువనే నాతో పనిచేసే అప్పన్న ఎలుకలన్నిటికీ స్నానం చేయించేశాడు. మేడమ్ కొలిచి చూస్తే, టేపు తగలని ఎలుకల చర్మం కూడా తడిని వదిలేస్తోంది. అప్పన్నను పిలిచారు.

"ఏటి సేసినావు?"

"కంపు కొడతాయని తోమీసినాను మేడమ్."

"పెళ్ళికూతుర్లకి నలుగెట్టినట్టా?"

"నలుగెక్కడిది మేడమ్, బట్టల సబ్బే. బాగా రుద్దీసినాను."

మేడమ్ తల పట్టుకున్నారు. నెల పని పాడైనట్టే. ఆ ఎలుకల్ని తీసేసి కొత్తవి తెప్పిద్దామన్నాడు అప్పన్న. ఆవిడ ఒప్పుకోలేదు. "అవి ఇష్టపడి రాలేదు అప్పన్నా, మనం తెచ్చాం. ఏదో సెప్తన్నాయి. వినకుండా పారేస్తామా?" ఆ వారమంతా వాటినే కొలిచారు. సబ్బు తగలకపోయేసరికి టేపు వెయ్యని ఎలుకల చర్మం మెల్లగా సర్దుకుంది.

అప్పుడు నేను కీర్తన సంగతి చెప్పాను. "ఎలుకకి జరిగింది పిల్లకీ జరుగుతాదని నేను సెప్పలేను" అన్నారు మేడమ్. "చర్మం డాక్టరుకి సూపించు. ఈలోగా ఆ రుద్దుడు మాత్రం ఆపించు."

ఆపడమే కష్టమైంది. "ఎలకల మాట ఇని పిల్లని మురికితో వదిలేస్తావేటే?" అన్నారు అత్తగారు. వాదించలేక ఆవిడను ఎలుకల గదికి తీసుకెళ్ళాను. మేడమ్ ఒక ఎలుక వీపు చూపించి, అంతా ఓపిగ్గా చెప్పారు. అత్తగారు చాలాసేపు చూసి, "పాపం, దీన్నీ రుద్దీసినారా" అన్నారు. ఆ శనివారం సున్నిపిండి డబ్బా దించలేదు. స్నానమవ్వగానే, డాక్టరిచ్చిన పూతను తడి ఆరకముందే ఆవిడే రాశారు. పండక్కి చర్చిలో కీర్తన చేతులు లేని గౌను వేసుకుని పిల్లల మధ్యన కూర్చుంది. చలికాలంలో ఇప్పటికీ కాస్త రేగుతుంది. నయమైపోయిందని నేను చెప్పను.

పరిశోధన ముగిశాక ఆ ఎలుకలను నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చాలి, అది నియమం. మేడమ్ దేవుణ్ణి నమ్మరు. అయినా ఆ ఉదయం, "నీకు ప్రార్థన సేసుకోవాలనుందా?" అని అడిగి, అయ్యేదాకా చేతులు కట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. ఏమని ప్రార్థించాలో నాకు తెలియలేదు. వందనాలు అని మాత్రం అనగలిగాను.

ఆవిడ తరువాత వేరే ఊరు వెళ్ళిపోయారు. మా ఇంట్లో సాయంకాల ప్రార్థనలో కీర్తన అందరి పేర్లూ చెప్పి స్తోత్రం అంటుంది. అది ఆమెన్ అనేలోపు నేను మనసులో మేడమ్ పేరు చేర్చుకుంటాను. ఆ వెనకే, పేర్లు లేని ఆ చిన్న ప్రాణాలను కూడా.