శనివారం లాబ్‌స్టర్

మావారు శనివారం నీచు ముట్టరు. వెంకటేశ్వరస్వామి మొక్కు. అమెరికాలో ఈ హెర్న్‌డన్‌కి వచ్చి ఇన్నేళ్లయినా తప్పలేదు. ఆ సంగతి తెలిసీ మా అమ్మాయి, తాను పెళ్లి చేసుకుంటానంటున్న అమెరికన్ అబ్బాయిని మాకు మొదటిసారి చూపించడానికి శనివారమే ముహూర్తం పెట్టింది. అదీ సిటీలో, లాబ్‌స్టర్ హోటల్లో! వాళ్ల నాన్నది బందరనీ, పీతలంటే ప్రాణమనీ ఇది చెబితే, ఆ అబ్బాయే ముచ్చటపడి టేబుల్ బుక్ చేశాడట.

పెళ్లి మాట చెప్పి నెలయింది. ఈయన ఔననలేదు, కాదనలేదు. నాన్న ఔనంటే తప్ప చేసుకోనని పిల్ల భీష్మించుకుని కూర్చుంది. నాకు ఇద్దరిమీదా ఒళ్లు మండుతూనే ఉంది.

హోటల్ మామూలుదే. బల్లల మీద కాగితం పరిచారు, మా మెడలకి ప్లాస్టిక్ గుడ్డలు కట్టారు. ముగ్గురికి ఎర్రగా ఉడికిన లాబ్‌స్టర్లు వచ్చాయి, పీతకున్నట్టు డెక్కలున్న పెద్ద రొయ్యలు. ఈయన మొక్కజొన్న కండె, బంగాళాదుంప తెప్పించుకున్నారు. అది చూసి ఆ అబ్బాయి మొహం వాడిపోయింది.

"సాటర్డే అని మర్చిపోయా అమ్మా. నాన్నకి తను నచ్చలేదు, అందుకే తినట్లేదు అనుకుంటున్నాడు," అంది అమ్మాయి నా చెవిలో.

"నాకు చెబితే ఏం లాభం? అతనికి చెప్పి ఏడు," అన్నాను.

చెప్పింది. అతను కంగారుగా తన ప్లేటు పక్కకి జరిపి, అయితే తానూ తిననన్నాడు. ఈయన ఒప్పుకోలేదు, తినమని సైగ చేశారు. పాపం, సముద్రం మొహం చూడని ఊరివాడు. పెంకు విరిచే పటకారు ఎలా పట్టుకోవాలో తెలియక నొక్కితే డెక్క జారి వెన్న గిన్నెలో పడింది. నా చీర మీద మరకలు.

ఈయన కాసేపు చూశారు. చొక్కా చేతులు మడిచి, అతని ప్లేటు తనవైపు లాక్కున్నారు. డెక్క టక్కున విరిచి, ముక్క చెదరకుండా తీసి అతని ముందు పెట్టారు. అమ్మాయి చిన్నప్పుడు దానికి పీతలు ఇలాగే వలిచి పెట్టేవారు. నాకు ఒక్కనాడూ వలిచి పెట్టిన పాపాన పోలేదు. అయినా నాకు కళ్లు నిండాయి.

"నాన్నా, అంటే... ఓకేనా?" అంది అమ్మాయి.

ఈయన తలెత్తకుండా రెండో డెక్క అందుకున్నారు.

"ముందు అతన్ని తిననీ. పెళ్లి మాత్రం శనివారం పెట్టకు తల్లీ, విందులో నేనేం తినాలి?"