గ్యాలరీ కింద చివరి బల్ల

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మడం మొదలుపెట్టానని చెప్పడానికి ఇది రాయడమూ లేదు. కాలేజీ రోజులంతా డిబేట్లలో గడిపినదాన్ని. ఎవరేం చెప్పినా "ఆధారమేమిటి?" అని అడగడం నా నోటికి పట్టిన అలవాటు. ప్రార్థనలో అందరితోపాటు కళ్ళు మూసుకుంటాను గానీ, పోయినవాళ్ళు తిరిగొస్తారన్న మాటకు మా ఇంట్లో గానీ నా బుర్రలో గానీ ఎప్పుడూ చోటు లేదు.

నేను పీజీ చదువుతున్నది లండన్‌లో. ఇంగ్లండులోది కాదు, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్. ఇక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక పాత ఇటుకల చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు మాకు మందిరం ఇస్తారు. వాళ్ళ ఆరాధన ఉదయం ముగుస్తుంది. తర్వాత మేము వెళ్ళి, మంచు బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్ళతో లోపలికి నడిచి మా కీర్తనలు పాడుకుంటాం.

ఆ మందిరానికి వార్షికోత్సవం వచ్చింది. దాన్ని కట్టిన వాస్తుశిల్పి గురించి మా సంఘం తరఫున ఎవరైనా మాట్లాడాలని చర్చివాళ్ళు అడిగారు. పాస్టర్ గారు నా పేరు ఇచ్చారు.

ఆయన పంతొమ్మిదో శతాబ్దపు స్కాట్లండు మనిషి, రాళ్ళు చెక్కేవాడి కొడుకు. ఎడింబరోలో ఒక నక్షాల ఆఫీసులో పని నేర్చుకుని, యువకుడిగా ఓడెక్కి కెనడా వచ్చాడు. కోర్టు భవనాలు, బడులు, చర్చిలు కట్టి పేరు సంపాదించాడు. చర్చిలో మూడు వైపులా గోడల వెంట, పైన జనం కూర్చునే చెక్క గ్యాలరీ కట్టడం ఆయన ప్రత్యేకత. మరో ఊళ్ళో ఆయన కట్టిన ఒక గ్యాలరీ, జనం నిండిన ఆరాధన మధ్యలో కూలిపోయింది. నక్షా తప్పని మేస్త్రీ అన్నాడు. చెప్పిన దూలాల కంటే సన్నవి వాడారని ఈయన అన్నాడు. విచారణ ఎటూ తేల్చలేదు గానీ, ఆ తర్వాత ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు.

చివరి రోజుల్లో ఆయన ఒక పని చేసేవాడట. తాను కట్టిన చర్చిలకు ఒక్కొక్కదానికీ వెళ్ళి, ఆరాధన ముగిసేదాకా గ్యాలరీ కిందనే, చివరి బల్ల మీద కూర్చునేవాడట. పడితే ముందు నా మీదే పడనివ్వండి అని ఆయన ఉద్దేశమని అభిమానులు రాశారు. నేను ఒప్పుకోలేదు. కట్టడం కింద కూర్చోవడం ధైర్యమైతే కావచ్చు, రుజువు మాత్రం కాదు. దోషం ఆయనదే అయ్యే అవకాశం ఎక్కువని నా ప్రసంగంలో రాసి, పాస్టర్ గారికి చూపించాను. వేరెవరికీ చూపలేదు.

అప్పటికి క్రిస్మస్ దగ్గరపడింది. జనం ఎక్కువ వస్తారు కాబట్టి, ఏళ్ళుగా మూసి ఉంచిన గ్యాలరీని తెరిచి, సండే స్కూల్ పిల్లలను పైన నిలబెట్టి పాడించాలని నిర్ణయించారు. ఇంజినీరు వచ్చి చూసి, ఇబ్బంది లేదని కాగితం ఇచ్చాడు.

గుంటూరులో నర్సుగా చేసి రిటైరై, కూతురి దగ్గరుంటున్న రత్నకుమారి ఆంటీ మోకాళ్ళ నొప్పుల వల్ల ఎప్పుడూ గుమ్మానికి దగ్గరగా, చివరి బల్ల మీదే కూర్చుంటారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ మామూలుగా అన్నారు.

"నా పక్కన కూర్చునే తెల్లాయనకి కూడా ఒక ప్లేటు పెట్టండమ్మా. పాపం, తెలుగు ముక్క రాదు, అయినా అయ్యేదాకా కదలడు. మనవాళ్ళేమో వాక్యం చెప్పడం మొదలవగానే ఫోన్లు తీస్తారు."

వెతికితే ఆయన లేడు. నాకు అనుమానం వేసింది. అయితే అది దయ్యం మీద కాదు, పాస్టర్ గారి మీద. నా ప్రసంగంలోని సంగతి ఈవిడ చెవిన వేసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. అడిగితే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. తర్వాత చర్చివాళ్ళ మీద అనుమానం వచ్చింది. మేము మందిరాన్ని ఎలా వాడుతున్నామో చూసి రమ్మని మనిషిని పంపుతున్నారేమో.

సౌండ్, వీడియో చూసుకునే విక్రమ్ అన్న హైదరాబాద్ మనిషి. సంగతి చెబితే నవ్వాడు. "మన పులిహోర వాసన మీద కంప్లైంట్ ఇచ్చింది గా తెల్లాయనే కావచ్చు చెల్లె. ఈసారి డబ్బాలో పెట్టియ్యి, సైలెంట్ అయితడు."

మరుసటి వారం నేను ముందు వరసలో కూర్చుని పదే పదే వెనక్కి తిరిగాను. ఆయన కనిపించాడు. నల్లటి కోటు, ఒళ్ళో టోపీ, బూడిద రంగు ఉన్ని మేజోళ్ళు. ఆంటీ కీర్తనల పుస్తకాన్ని ఆయన వైపుకు వంచి పట్టుకున్నారు. బూట్లు విడిచాడంటే గుమ్మం దగ్గర ఉండాలి కదా అని మధ్యలో లేచి వెళ్ళి వెతికాను. మా వాళ్ళ బూట్లన్నీ ఒకే సేల్‌లో కొన్నట్టుంటాయి, ఏమీ తేలలేదు. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఆంటీ ఒక్కరే ఉన్నారు.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక రిహార్సల్. పిల్లలు గ్యాలరీ మెట్ల దగ్గర వరస కట్టారు. నేను మధ్య దారిలో నిలబడి మైకులు సర్దుతున్నాను. వెనక నుంచి ఆంటీ గొంతు వినిపించింది.

"కెజియా, ఆయన లేచి వెళ్ళిపోతున్నాడేంటమ్మా? పైకి చూసి, గబుక్కున లేచాడు."

తిరిగి చూశాను. ఆయన నా వైపే నడిచి వస్తున్నాడు. చూపు నా మీద లేదు, ఎడమ గ్యాలరీ అడుగు మీద ఉంది. పక్కకు జరిగి దారి ఇచ్చాను. తడిసిన ఉన్ని వాసన వచ్చింది. ఆయన ముందుకు, గ్యాలరీ నీడ దాటి వెళ్ళాడు. వెంటనే నేను మెట్ల దగ్గరకు వెళ్ళి పిల్లలకు అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో ఆలోచించుకున్న గుర్తు లేదు.

పాస్టర్ గారు వచ్చారు. "ఏమైంది కెజియా? ఇంజినీర్ ఓకే అన్నాడు కదా."

"పిల్లల్ని పైకి పంపొద్దు పాస్టర్ గారు."

"కారణం చెప్పమ్మా."

"కారణం లేదు. ఈ రోజు మాత్రం వద్దు."

"డిబేట్‌లో ఈ మాటంటే ఓడిపోతావు."

"ఓడిపోతాను. అయినా పంపొద్దు."

ఆయన పిల్లలను కిందే నిలబెట్టి పాడించారు. తల్లులు కొందరు నా మీద చిరాకుపడ్డారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అంతే.

మళ్ళీ తనిఖీ చేయాలని చర్చివాళ్ళను పట్టుబట్టి అడిగాను. ఈసారి ఇంజినీరు గ్యాలరీ అడుగు చెక్కలు ఊడదీయించాడు. ఎడమ వైపు, చివరి బల్లకు సరిగ్గా పైన, ఒక దూలం లోపల చెమ్మ పట్టి నిలువునా చీలి ఉంది. అది తర్వాతెప్పుడో మరమ్మతులో వేసిన దూలం. దాని పక్కన, మొదట కట్టినప్పటి దూలాలు పొడిగా, గట్టిగా ఉన్నాయి. పిల్లల బరువుకు అది విరిగి ఉండేదా అని అడిగాను. విరగొచ్చు, విరక్కపోవచ్చు, చెప్పలేనన్నాడు. బయటి నుంచి చూసి ఆ చీలికను కనిపెట్టడం మాత్రం ఎవరివల్లా కాదన్నాడు.

ఇది మరో ఊరి గ్యాలరీ ఎందుకు కూలిందో రుజువు చేయదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ప్రసంగంలో దోషం ఆయనదేనన్న భాగాన్ని తీసేసి, తేలలేదని మాత్రమే చెప్పాను.

ఆ పెద్దాయన మళ్ళీ రాలేదు. అటువంటి సభ్యుడు తమకు లేడని చర్చివాళ్ళన్నారు. పాస్టర్ గారు ఆయన్ని ఎప్పుడూ చూడలేదట. విక్రమ్ అన్న కూడా మా మాట నమ్మి జోకు వేశాడే గానీ చూడలేదు. ఆ వాస్తుశిల్పి ఫోటో నాకెక్కడా దొరకలేదు కాబట్టి పోల్చి చూసే అవకాశమూ లేదు. ఆంటీ, నేను ఒకే రకంగా పొరబడ్డామనుకుందామని చాలా ప్రయత్నించాను.

కొన్ని రోజుల తర్వాత విక్రమ్ అన్న నన్ను పిలిచాడు. క్రిస్మస్ కోసం ఆయన ముందు గోడకు కొత్త కెమెరా బిగించాడు. రిహార్సల్ రోజు దాన్ని పరీక్షించడానికి ఆన్ చేసి ఉంచాడు.

తెర మీద మధ్య దారి స్పష్టంగా కనిపిస్తోంది. నేను మైకు తీగ చుడుతున్నాను. వెనక్కి తిరుగుతాను. ఎదురుగా చూస్తూ, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పక్కకు జరుగుతాను. ఆ చోటు ఖాళీగానే ఉంది. నా తల మాత్రం, ఎవరో నన్ను దాటి వెళ్తున్నట్టు, మెల్లగా ముందు వైపుకు తిరుగుతుంది.

విక్రమ్ అన్న ఈసారి నవ్వలేదు. "ఎవరికి సైడ్ ఇస్తున్నవ్ చెల్లె?" అని అడిగాడు.

ఆ వీడియో నా దగ్గర ఉంది. ఇప్పటికి చాలాసార్లు చూశాను. ప్రతిసారీ ఆ ఖాళీ చోటు దగ్గరే ఆపుతాను.