తుఫాను కేంద్రం

నిన్న అమలాపురంలో మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. తుఫాను వస్తోంది, జాగ్రత్తగా ఉండమని చెబుతుంటే నాకు చిట్టెమ్మ మామ్మగారు గుర్తొచ్చారు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రాజోలు దగ్గర మా ఊళ్ళోనూ అలాగే ఆటో తిరిగింది. జల్లుకి తడిసిన కొబ్బరిపీచు వాసన వీధంతా కమ్ముకుంది. "అందరూ తుఫాను కేంద్రానికి వెళ్ళిపోవాలి" అని మైకు అరుస్తోంది. పక్కింట్లో ఒంటరిగా ఉండే మామ్మగారికి చెవుడు.

"ఏమంటన్నారమ్మా?" అని నన్ను అడిగారు.

తుఫాను కేంద్రం దగ్గరే గాలి ఉధృతంగా ఉంటుందని పొద్దున రేడియోలో విన్నాను. అందుకే ఆవిడ చెవిలో, "కేంద్రానికి వెళ్ళకండి మామ్మగారూ, ఇంట్లోనే ఉండండి" అని గట్టిగా చెప్పాను.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు.

తర్వాత నాన్న వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగినా ఆవిడ కదల్లేదు. మేం బడి మేడకు చేరాం. తుఫాను కేంద్రమంటే అదేనని అక్కడ తెలిసింది. భయమేసి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కూలిన గోడ కింద మామ్మగారు దొరికారు.

"మొండిమనిషండీ, ఎవరి మాటా వినలేదు" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

ఆవిడ నా మాట విన్నారు.