గీత మింగిన చరణం

రియేకా రేవు మీదకి దిగే మెట్ల వీధిలో నెవెంకకు ఒంటిగది సెలూన్ ఉండేది. ఆమె చేత జుట్టు రింగులు తిప్పించుకోని ఆడది ఆ వీధిలో లేదు. భర్త ఓడల మీద వంటవాడు. ఇల్లు చేరినప్పుడల్లా ఉప్పు తక్కువైందని సణిగి మళ్లీ ఓడెక్కేవాడు. కూతురు ఇరిస్‌ను నెవెంక సెలూన్ కుర్చీలోనే పెంచి, రసాయనశాస్త్రం చదివించి టీచర్ను చేసింది.

గోడ గడియారాన్ని నెవెంక ఎన్నడూ నమ్మలేదు. జుట్టుకు రోలర్లు చుట్టి మందు పట్టించాక, పాటగాడు రెంజో కాలెబిచ్ గ్రామఫోన్ రికార్డు పెట్టేది. ఎవరో వాడి వదిలేస్తే పాత సామాన్ల సంతలో కొన్నది. అట్ట మీద తెల్లకోటు వేసుకున్న రెంజో రేవులో నిలబడి నవ్వుతుంటాడు. వెన్నలాంటి గొంతు. రికార్డు మొదటి వైపు అయిపోగానే మందు కడిగెయ్యాలి. అదే ఆమె లెక్క. ఇన్నేళ్లలో ఒక్క తలా చెడలేదు.

మూడో పాటలో మాత్రం లోతైన గీత ఉంది. రెంజో రేవులో ప్రియురాలి కోసం ఎదురుచూస్తుండగానే ముల్లు ఎగిరి పాట చివర్న పడేది. వీధి వీధంతా ఆ పాటను అలాగే, మధ్య చరణం లేకుండా నేర్చుకుంది. పెళ్లిళ్లలోనూ అలాగే పాడేది.

ఆ వసంతంలో, ఇంకా నడక కుదరని ఇరిస్ కొడుకు వెళ్లి రికార్డు మీద కూర్చున్నాడు. ఎక్కడైనా గుచ్చుకుందేమోనని ఇరిస్ పిల్లాడి ఒళ్లంతా మూడుసార్లు తడిమింది. నెవెంక ముక్కలు ఏరుకుంది. తర్వాత ఇరిస్ సంతంతా గాలించి అదే రికార్డు ఇంకొకటి తెచ్చింది. అట్ట మీద కాఫీ మరక, లోపల ఒక్క గీతా లేదు.

శుక్రవారం ఆ వీధిలోనే ఉండే దొమెనిక వచ్చి కుర్చీలో కూర్చుంది. మర్నాడే ఆమె కూతురి పెళ్లి.

"వియ్యపురాలు ఒపాతియా నుంచి దిగుతోందే, నెవెంకా. అక్కడ పెద్ద హోటల్లో జుట్టు చేయించుకుని మరీ వస్తుందట. ఆవిడ పక్కన నేను తీసికట్టుగా కనబడ్డానా, మళ్లీ నీ గుమ్మం తొక్కను."

"తొక్కకపోతే నీ తలకు దిక్కెవరే?" అని నవ్వింది నెవెంక. లోపల మాత్రం గుబులు. దొమెనిక రాకపోతే ఆమె అక్కచెల్లెళ్లూ రారు, వదినలూ రారు.

మందు పట్టించాక ఇరిస్ నెమ్మదిగా అంది. "అమ్మా, ఈసారికి గడియారం చూడవే. ఇది ఆ రికార్డు కాదు."

"గడియారం పాడుతుందా?"

మూడో పాట వచ్చింది. ముల్లు ఎగరలేదు. రెంజో తాపీగా ఆ మధ్య చరణంలోకి దిగాడు. కొండ మీది ఇంట్లో భార్య చేపల పులుసు వెచ్చబెట్టి కూర్చుందట, ఎక్కడికెళ్లావని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదట.

పక్క కుర్చీలో ముసలి ఎర్మీనియ అల్లిక ఆపింది. "ఏమన్నాడూ? పెళ్లామా? ఏదీ, వెనక్కి పెట్టు."

నెవెంక ముల్లు వెనక్కి జరిపింది.

"పెళ్లామే," అంది దొమెనిక. "నా పెళ్లిలో ఈ పాటకే కదే డాన్సు చేశాం."

"ఇన్నేళ్లూ వీడి కోసం కళ్లు తుడుచుకున్నాను," అంది ఎర్మీనియ. "ఇంట్లో పులుసు పెట్టుకుని రేవులో ఎదురుచూపులా, వెధవకి? ఇంకోసారి పెట్టు. ఆవిడ పేరేమైనా చెప్తాడేమో."

"నాకూ వినబడలేదమ్మా, వీడు ఏడ్చాడు," అంది ఇరిస్ పిల్లాణ్ణి ఊపుతూ. రెంజో ఎన్నిసార్లు పాడినా ఆవిడ పేరు మాత్రం చెప్పలేదు.

ఆ వైపు ఎప్పటికో ముగిసి, మందు కడిగి రోలర్లు విప్పేసరికి దొమెనిక తల గొర్రెపిల్ల ఉన్నిలా ముడుచుకుపోయి ఉంది.

దొమెనిక అద్దంలో చూసుకుంది. "చెప్పు. రేపు వియ్యపురాల్ని పలకరించనా, మేత అడగనా?"

"తప్పు నాదే," అంది నెవెంక. కత్తెర అందుకుంది. "మెడ కనబడేలా తీసేస్తాను. నన్ను నమ్ము."

"నమ్మినంత నమ్మాను. ఇక కానీ."

నెవెంక కత్తిరించింది. పూర్తయ్యాక దొమెనిక అటూ ఇటూ తిరిగి చూసుకుంది గానీ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

పెళ్లికి నెవెంక ఒంట్లో బాగాలేదని కబురు పంపింది.

సోమవారం పొద్దున తలుపు తీస్తే ఎదురుగా దొమెనిక, పక్కన పక్షిగూడంత జుట్టుతో ఒక భారీ మనిషి.

"మా వియ్యపురాలు. పెళ్లిలో నా మెడ చూసినప్పట్నుంచీ ప్రాణం తీస్తోంది."

"మెడ సంగతి సరే," అంది ఆవిడ కూర్చుంటూ. "ముందు ఆ పులుసు చరణం పెట్టండి. పెళ్లిలో అందరూ దాని గురించే చెప్పుకున్నారు."

"ముందు జుట్టు," అంది దొమెనిక.

నెవెంక మందు పట్టించి, రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టింది.

"ఇటువైపంతా వానలూ పడవలూనే," అంది. "ఎవరికీ పెళ్లాల్లేరు."